రచ్చ గెలవడానికో కుర్చీ

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రిమోట్ ఉద్యోగాలు వచ్చాక ఈ వరస తిరగబడింది. ఇప్పుడు ఇంట్లో ఓడిపోయినవాడే రచ్చకెక్కుతున్నాడు, అదీ నెలనెలా అద్దె కట్టి మరీ. ఆ ఓడినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మూడు నెలల్లో పదకొండు కోవర్కింగ్ స్పేస్‌లు, అంటే ముక్కూమొహం తెలియనివాళ్లతో పంచుకునే అద్దె ఆఫీసులు తిరిగి, పదకొండు చోట్లా ఉచిత కాఫీ తాగి, చివరికి ఒకచోట డిపాజిట్ కట్టాను. కాబట్టి మహానగరంలో కూర్చోవడానికి చోటు ఎంచుకోవడమనే ఈ గంభీరమైన శాస్త్రం గురించి నాలుగు మాటలు రాసే అర్హత నాకుందని మనవి చేసుకుంటున్నాను.

ఇల్లు ఎందుకు పనికిరాలేదని అడగొచ్చు. ఇంట్లో నెట్ ఉంది, బల్ల ఉంది, కిటికీ కూడా ఉంది. లేనిదల్లా నన్ను చూసి నేను పని చేస్తున్నాననుకునే మనిషి. ఇంట్లోవాళ్ల లెక్కలో ఇంట్లో ఉన్నవాడు ఖాళీగా ఉన్నట్టే. చెవులకి హెడ్‌సెట్, ఎదురుగా తెర మీద పన్నెండు మొహాలు ఉన్నా సరే, "ఎలాగూ కూర్చునే ఉన్నావుగా, కాస్త తలుపు తియ్యి" అని లోపల్నుంచి కేక వస్తుంది. ఇక మంచం సంగతి. పది అడుగుల దూరంలో మంచం పెట్టుకుని మధ్యాహ్నం రెండింటికి స్ప్రెడ్‌షీట్ చూడగలిగినవాడు ఉద్యోగం మానేసి ఆశ్రమం పెట్టుకోవచ్చు.

2005 ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్‌కి ఇలాంటి బాధే పుట్టింది. సొంతంగా పని చేసుకునే స్వేచ్ఛ పోకూడదు, ఆఫీసులో నలుగురి మధ్యా కూర్చున్నట్టూ ఉండాలి. స్పైరల్ మ్యూజ్ అనే చోట వారానికి రెండు రోజులు స్థలం తీసుకుని, బల్లలు వేసి, దాన్ని కోవర్కింగ్ అన్నాడు. మొదటి నెల ఒక్కరూ రాలేదు. ప్రపంచంలో ఇప్పటిదాకా నడిచిన కోవర్కింగ్ స్పేస్‌లన్నిటిలోకీ ప్రశాంతమైనది ఆ నెలలోదేనని నా నమ్మకం. ఫోన్ బూత్ దగ్గర క్యూ లేదు, ఏసీ కోసం తగువు లేదు. తర్వాత జనం వచ్చారు, అన్నీ మొదలయ్యాయి.

జనం వచ్చాక పెట్టుబడి రాకుండా ఉంటుందా? 2010లో న్యూయార్క్‌లో మొదలైన వీవర్క్ అనే కోవర్కింగ్ కంపెనీ విలువను 2019 జనవరిలో 4,700 కోట్ల డాలర్లుగా లెక్కకట్టారు. అదే ఏడాది షేర్లు అమ్ముకోవడానికి దాఖలు చేసిన పత్రాల్లో, ప్రపంచ చైతన్యాన్ని ఉన్నత స్థాయికి తీసుకెళ్లడం తమ లక్ష్యమని రాసుకుంది. కుర్చీలు అద్దెకిచ్చేవాళ్లు ఇంత మాటన్నారంటే కుర్చీలో ఏదో ఉండే ఉంటుంది. సెప్టెంబరు కల్లా ఆ షేర్ల అమ్మకం ఆగిపోయింది. 2023 నవంబరులో కంపెనీ దివాలా రక్షణ కోరింది, 2024 జూన్‌లో బయటపడింది. చైతన్యం ఏ మేరకు పెరిగిందో తెలియదు గానీ, ఈ కథలో మనలాంటి ఒంటికుర్చీ గిరాకీకి పనికొచ్చే సూక్ష్మం ఒకటుంది. వాళ్లు భవనాన్ని ఏళ్ల తరబడి లీజుకి తీసుకుంటారు, మనకి నెలల లెక్కన ఇస్తారు. మనం వెళ్లిపోవచ్చు, వాళ్లు వెళ్లలేరు. అందుకే మిమ్మల్ని చూడగానే వాళ్ల మొహంలో అంత ఆప్యాయత. అందుకే లాక్-ఇన్ (ఇన్ని నెలలు కదలకూడదనే షరతు), నోటీసు పీరియడ్, డిపాజిట్ కోత అనే మూడు మాటలు ఒప్పందంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. గోడ మీద 'కలలు కనండి' అన్నది మాత్రం నియాన్ దీపాల్లో ఉంటుంది.

ఆ గోడతోనే టూర్ మొదలవుతుంది. టూర్ తిప్పే మనిషిని కమ్యూనిటీ మేనేజర్ అంటారు. పూర్వం ఇలాంటివాళ్లని రెంటల్ ఏజెంట్ అనేవారు, పాపం. ఆయన వరసగా బీన్ బ్యాగులు చూపిస్తాడు, తర్వాత ఎవరూ ఆడని ఫుట్‌బాల్ టేబుల్, తర్వాత మొక్కలు. ఒకచోట ఒక ఆకుని గిల్లి చూశాను. ప్లాస్టిక్. ఆయన కూడా చూశాడు. ఇద్దరం ఏమీ జరగనట్టు ముందుకు నడిచాం.

"నెట్ ఎలా ఉంటుందండీ?" అన్నాను.

"హై స్పీడ్ సార్."

"అప్‌లోడ్ ఎంత?"

"సూపర్ ఫాస్ట్ సార్."

"అంకెల్లో?"

ఆయన నావైపు జాలిగా చూశాడు. ప్రేమని తూకమేసి చూపించమన్నట్టు అడిగానేమో. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. రిసెప్షన్ దగ్గర గొప్పగా రాసిపెట్టే అంకె దాదాపు ఎప్పుడూ డౌన్‌లోడ్‌దే. మీ మొహం అవతలివాళ్లకి చేరేది అప్‌లోడ్ దారిలో. ఒక మాదిరి స్పష్టమైన వీడియో కాల్‌కి ఆ దారిలో సెకనుకు మూడు నాలుగు మెగాబిట్లు చాలు, అదేం పెద్ద లెక్క కాదు. కానీ పదకొండు గంటలకి హాల్లో యాభై మంది ఒకేసారి కాల్ మొదలెడితే ఆ చిన్న లెక్కే నూట యాభై, రెండు వందలు అవుతుంది. అందుకని ఆదివారం పొద్దున్న వెళ్లి స్పీడ్ టెస్ట్ చేసి మురిసిపోకండి. ఖాళీ రోడ్డు మీద ఏ బండైనా బాగానే పోతుంది. వారం మధ్యలో, పదకొండింటికి, మీరు కూర్చోబోయే మూలకే వెళ్లి చూడండి. ఆ మూలకీ వైఫై పెట్టెకీ మధ్య రెండు గోడలుంటే, అయిదు గిగాహెర్ట్‌జ్ సిగ్నల్ మొదటి గోడ దగ్గరే అలిసిపోతుంది.

కుర్చీ గురించి నాకు బలమైన అభిప్రాయాలున్నాయి, ఎందుకంటే ఒకసారి మునిగాను. మునగడమంటే అక్షరాలా మునగడమే. మేనేజర్ గారు ఎదురుగా నిలబడి నెలవారీ ప్లాన్లు చెబుతుంటే నేను కుర్చీలో కూర్చుని వింటున్నాను. డే పాస్ గురించి చెప్పేటప్పుడు ఆయన గడ్డం కనిపించింది. హాట్ డెస్క్ దగ్గరికి వచ్చేసరికి ఆయన టై ముడి. డెడికేటెడ్ డెస్క్ వివరాల్లో ఉండగా నా కళ్లకి సరిగ్గా ఆయన బెల్టు బకిల్ వచ్చింది, నా గడ్డం బల్ల అంచుకి ఆనింది. సీటు కింద గొట్టంలోంచి గ్యాస్ సన్నగా నిట్టూర్చింది. ఆయన మాట ఆపలేదు, నేనూ తల పైకెత్తి వింటూనే ఉన్నాను. ఆ వ్యాపార మర్యాద చూసి ముచ్చటేసింది గానీ డిపాజిట్ మాత్రం కట్టలేదు. కుర్చీని కనీసం అరగంట కూర్చుని చూడాలి. అరగంటలో మీరు ఎంత దిగారో గోడ మీద గీతపెట్టి కొలుచుకున్నా తప్పులేదు.

హాట్ డెస్క్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం: ఎవరు ముందొస్తే వాళ్లది. రైలు జనరల్ బోగీలో తువ్వాలు వేసే విద్యకి ఇది ఎయిర్ కండిషన్డ్ రూపం. ఇక్కడ తువ్వాలు బదులు నీళ్ల సీసా పెడతారు. డెడికేటెడ్ డెస్క్ అంటే ఎక్కువ అద్దెకి మీ సీసాకి శాశ్వత పట్టా. రెంటిలో ఏది తీసుకున్నా ముందు బల్లకింద వంగి ప్లగ్ పాయింట్ చూడండి. మీ చార్జర్ అందుతుందా, మీ పక్కవాడి చార్జర్ కూడా అక్కడే దూరాలా అన్నది మీ ఇద్దరి రాబోయే బంధుత్వాన్ని తేలుస్తుంది.

ఏసీ గురించి ఒక్క మాట: చలి బ్యాచ్, ఉక్క బ్యాచ్ అని రెండు వర్గాలుంటాయి. రిమోట్ ఎవరి చేతిలో ఉందో కనుక్కుని వాళ్ల పక్షాన చేరండి. ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుందని చెబితే, ఏసీ కూడా ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుందా అని విడిగా అడగండి. ఈ రెండు ప్రశ్నలకీ ఒకే జవాబు వచ్చిన చోటు నాకింకా తగల్లేదు.

ఇక కమ్యూనిటీ. బ్రోషర్‌లో దీనికో పేజీ ఉంటుంది. నలుగురు అందమైన మనుషులు ఒకే లాప్‌టాప్‌ని చూసి నవ్వుతుంటారు. నా అనుభవంలో లాప్‌టాప్ చూసి ఎవరూ నవ్వరు, అందులోనూ నలుగురు. వాస్తవానికి ఇది నా ఒక్కడి గొడవ కాదు. గోడలు తీసేసి ఓపెన్ ఆఫీసులకి మారిన రెండు పెద్ద కంపెనీల్ని బెర్న్‌స్టైన్, టర్బన్ అనే ఇద్దరు పరిశోధకులు గమనించి 2018లో లెక్క చెప్పారు. ఉద్యోగులు ముఖాముఖి మాట్లాడుకోవడం దాదాపు డెబ్బై శాతం తగ్గింది, ఈమెయిళ్లు పెరిగాయి. గోడ ఉన్నప్పుడు పక్కవాడితో మాట్లాడాలనిపిస్తుంది. గోడ లేనప్పుడు పక్కవాడే గోడ అవుతాడు. మా హాల్లో అందరి చెవుల్లోనూ ఇయర్ ఫోన్లే. కొందరివి ఏ ఫోన్‌కీ తగిలించి కూడా ఉండవు, అవి 'నన్ను కదిలించొద్దు' అనే బోర్డులు.

మాట్లాడేవాళ్లు లేరని కాదు. ఒకాయనున్నాడు, రోజూ నా వెనకే కూర్చుని ఫోన్లో, "లేదు... లేదు... అది నేనన్లేదు... సరే, వాళ్ళేమన్నారు?... ఆఁ!... అయ్యో" అంటాడు. అవతల ఏమన్నారో తెలియక నా రిపోర్టు మూడో పేజీ మూడు రోజులు కదల్లేదు. ఇద్దరి మాటలూ వినిపించే సంభాషణకన్నా ఒకరి వైపే వినిపించేది మన ఏకాగ్రతని ఎక్కువ చెడగొడుతుందని 2010లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. మిగతా సగం ఊహించడానికి మెదడు తనంతట తానే పరుగెడుతుందట. స్పీకర్ ఆన్ చేయండి సార్, కథ మొత్తం విని పని చేసుకుంటానని ఆయన్ని అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను.

ఇలాంటివాళ్ల కోసమే ఫోన్ బూత్‌లు పెట్టారు. ఫోన్ బూత్ అంటే అద్దం తలుపున్న బీరువా. శబ్దం బయటికి రాదు, గాలి లోపలికి రాదు. పావుగంట దాటితే అద్దం మీద మీ ఊపిరి ఆవిరి కడుతుంది, ఆ ఆవిరి మధ్యలోంచి బయట క్యూ కనిపిస్తుంది. నలభై మందికి రెండు బూత్‌లు. ఒకదాంట్లో ఎప్పుడూ ఒకతను ఉంటాడు, ఫోన్ మాట్లాడడు, లాప్‌టాప్ తెరవడు, ఊరికే గోడ చూస్తూ కూర్చుంటాడు. మొదట్లో కోపం వచ్చేది. మూడో వారం నాకూ ఖాళీ దొరికినప్పుడు వెళ్లి అలాగే కూర్చున్నాను. ఆ అద్దెలో నాకు గిట్టుబాటైన పది నిమిషాలు అవే.

నేను ఎంచుకున్న చోటు ఇంటికి గంటన్నర దూరం. పొద్దున్నే తయారై, ట్రాఫిక్‌లో పడి, గుర్తింపు కార్డు మెడలో వేసుకుని, లిఫ్ట్ కోసం నిలబడి, అదే కుర్చీలో అదే మనుషుల మధ్య కూర్చుంటున్నాను. ఇదివరకు ఇదంతా కంపెనీ ఖర్చుతో చేసేవాణ్ణి, అప్పుడు మాత్రం స్వేచ్ఛ లేదని బాధపడేవాణ్ణి.

మొన్న మా టీమ్ కాల్ నడుస్తోంది. నేను మాట్లాడటం మొదలెట్టగానే నా గొంతు నాకే రెండోసారి వినిపించింది, ఒక్క క్షణం ఆలస్యంగా. "ఎక్కడో ఎకో వస్తోంది, మైకులు చూసుకోండి" అన్నారు మేనేజర్. అందరూ మ్యూట్ చేశారు. ఒక్కరు తప్ప. తెర మీద ఆ ఒక్కరి వెనకాల ప్లాస్టిక్ మొక్క, దాని పక్కన నియాన్ దీపాల్లో 'కలలు కనండి'. మెల్లిగా తల తిప్పి చూశాను. రెండు బల్లల అవతల ఆయన కూడా తల తిప్పి చూస్తున్నాడు. మా కంపెనీలోనే, మా డిపార్ట్‌మెంట్‌లోనే, రెండేళ్లుగా నాతో చాట్‌లో మాట్లాడుతున్న మనిషి.

నేను లేచి వెళ్లి పలకరిద్దామనుకునేలోపు తెర మీద మెసేజ్ వచ్చింది.

"సార్, మీరు కాస్త ఫోన్ బూత్‌లోకి వెళ్తారా?"