ఎలుకలకు మతిమరుపు లేని రోజులు

పసుపు మెదడుకు, జ్ఞాపకశక్తికి గొప్పదని వాదించేవాళ్లతో నాకు ఏ పేచీ లేదు. చిక్కంతా ఆ గొప్పకు కారణమని చెప్పే, అందులోని కర్కుమిన్ అనే పదార్థంతోనే. అది నీళ్లలో కరగదు, పేగుల్లోంచి సరిగ్గా ఎక్కదు, ఎక్కిన కాస్తనూ లివర్ మార్చేసి బయటికి పంపేస్తుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్లు మిరియాల్లోని పైపెరిన్ కలిపి ఇస్తే, మనుషుల రక్తంలో దాని లభ్యత ఇరవై రెట్లు పెరిగిందట. ఈ సంగతి వాట్సాప్‌లో అందరికీ చేరింది. కర్కుమిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు రక్తంలో దొరికింది దాదాపు ఏమీ లేదన్న సంగతి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

సరే, రక్తంలోకి వచ్చిందే అనుకుందాం. మెదడుకు వెళ్లే రక్తనాళాల్లో కణాలు సందు లేకుండా అతుక్కుని గోడ కట్టి ఉంటాయి. ఓటీపీ చెప్పందే డెలివరీ కుర్రాణ్ణి కూడా వదలని గేటెడ్ కమ్యూనిటీ అది. అందుకే శాస్త్రవేత్తలు కర్కుమిన్‌ను ఒంట్లో కరిగిపోయే పాలిమర్ గుళికలో, నూరు రెండొందల నానోమీటర్ల సైజులో ప్యాక్ చేసి, పైన పాలిసోర్బేట్ 80 పూత పూస్తారు. ఐస్‌క్రీముల్లో వేసే సరుకే. రక్తంలో కొవ్వును మోసే అపోలిపోప్రొటీన్ ఒకటి వచ్చి ఆ పూతకు అంటుకుంటుంది. తెలిసిన మనిషే కదా అని సెక్యూరిటీ గేటు తీస్తాడు. వ్యంగ్యం పక్కన పెట్టి చెప్తున్నా, ఈ తెలివికి దండం పెట్టాల్సిందే.

ఫలితాలా? అమోఘం. పనిగట్టుకుని అల్జీమర్స్ లక్షణాలు తెప్పించిన ఎలుకలు, నీళ్లతొట్టిలో మునిగి ఉన్న మెట్టును గుర్తుపెట్టుకుని చకచకా ఎక్కేస్తున్నాయి. ఇక తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోవడానికి మిగిలింది మనుషులమే. మన విషయానికొస్తే, 2017లో ఒక రసాయన శాస్త్ర పత్రిక కర్కుమిన్ మీద జరిగిన పరీక్షలన్నీ తిరగేసి, డమ్మీ మాత్రతో పోల్చి పకడ్బందీగా చేసినవాటిలో ఒక్కటీ నెగ్గలేదని తేల్చింది. అంత చిన్న విషయానికి మార్కెట్ ఆగుతుందా? నానో కర్కుమిన్ సీసా మీద మెరుస్తున్న మెదడు బొమ్మ ఉంటుంది, అడుగున ‘మందుగా వాడరాదు’ అని ఉంటుంది. ఆ అక్షరాలు మాత్రం నిఖార్సైన నానో సైజు.

మెదడుకు నిజంగా పనికొచ్చే మొక్క ఇంకోటి ఉంది, పాపం దూలగొండి! దాని గింజల్లోంచి ఎల్-డోపాను మనవాళ్లు 1937లోనే వేరుచేశారు. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుకు నేటికీ ప్రధానమైన మందు అదే పదార్థం. ఏ గుళికా ఎక్కకుండా, అమినో ఆమ్లాలు వెళ్లే దారినే దర్జాగా మెదడులోకి పోతుంది. కానీ ఒంటికి తగిలితే దురద పుట్టించే కాయను సీసా మీద ఎవరు వేస్తారు?

అయినా పసుపు ప్యాకెట్‌లోంచి మెదడుకు సరుకు చేరవేయడం అసాధ్యమేమీ కాదు. రంగు తేలడానికి కల్తీగాళ్లు కలిపే లెడ్ క్రోమేట్ సంగతి చూడండి. అందులోని సీసం అనే లోహానికి పాలిమరూ వద్దు, పూతా వద్దు. కాల్షియంలా నటించి గేటు దాటేస్తుంది. పైగా దీని కథ ఎలుకల దగ్గరే ఆగిపోలేదు. మనుషుల మీద, అందునా చిన్నపిల్లల మెదడు మీద దాని ప్రభావం ఏనాడో రుజువైపోయింది.