పెద్ద బ్లూగిల్‌ని నీళ్లలోకే వదిలేద్దాం

మూడేళ్ల క్రితం మే నెలలో, నాన్న ఊరి నుంచి వచ్చిన కొత్తలో, డాలస్ శివార్లలో మా ఇంటి దగ్గరి పార్కు చెరువులో ఇద్దరం కలిసి ఒక్క సాయంత్రంలో నలభైకి పైగా బ్లూగిల్స్ (ఇక్కడి చెరువుల్లో దొరికే పలచటి చిన్న చేపలు) పట్టాం. అన్నీ అరచేతికి మించినవి, రొమ్ము దగ్గర రాగి రంగులో మెరిసేవి. ఒడ్డుకు నాలుగడుగుల దూరంలో, మోకాలి లోతు నీళ్లలో, ఇసుక మీద పళ్లేలు అద్దినట్టు గుండ్రటి గుంటలు పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కో గుంట మీద ఒక్కో చేప కదలకుండా నిలబడి ఉంది. వానపాము ముక్క గుచ్చి గాలం వేయడమే ఆలస్యం, బెండు మునిగిపోయేది. అన్నీ బకెట్లో వేసుకుని ఇంటికి తెచ్చాం, సగం పులుసు పెట్టుకున్నాం, సగం ఫ్రీజర్లో దాచాం. చట్టప్రకారం తప్పేం లేదు, టెక్సాస్‌లో బ్లూగిల్‌కి సైజు నిబంధన గానీ రోజుకు ఇన్నే పట్టాలన్న లెక్క గానీ లేదు.

ఇప్పుడు ఆ చెరువులో గాలం వేస్తే రెండు వేళ్ల వెడల్పు చేపలే తగులుతున్నాయి. లెక్కకు బోలెడు, కానీ అన్నీ అంతే. ఇది మా ఒక్కరి వల్లే అయిందని నేను అనను, ఆ ఒడ్డున మాలాగే బకెట్లు పట్టుకుని కూర్చునేవాళ్లు చాలామంది ఉండేవారు, అందులో మన తెలుగువాళ్లూ ఉండేవారు. కాకపోతే ఆ రోజు మేం పట్టినవి ఏ చేపలో తర్వాత తెలిసింది, అప్పటి నుంచి ఈ సంగతి మనవాళ్లకు చెప్పాలని ఉంది.

ఆ గుంటలు గూళ్లు. వాటి మీద నిలబడినవి తండ్రి చేపలు. బ్లూగిల్‌లో గూడు చేసేది మగదే, ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతే తోకతో నీళ్లు విసురుతూ, దగ్గరికి వచ్చిన ప్రతిదాన్నీ తరుముతూ పిల్లలు ఈదుకుంటూ వెళ్లేదాకా కాపలా ఉండేదీ మగదే. దాని ముందు ఏం పడినా మీద పడుతుంది కాబట్టే మనకు అంత సులువుగా దొరుకుతుంది. చెరువులో పెద్ద మగ చేపలు ఉన్నంత కాలం చిన్న మగవి గూళ్ల పోటీకి దిగకుండా తింటూ పెరుగుతాయి. పెద్దవాటిని తీసేశామంటే చిన్నవి ఆ చిన్న వయసులోనే గూళ్ల పనిలో పడతాయి, తిన్నదంతా దానికే ఖర్చయి ఒళ్లు పెరగడం ఆగిపోతుంది. కొన్నేళ్లకు చెరువు నిండా రెండు వేళ్ల చేపలే మిగులుతాయి.

నాన్నకు ఇదంతా చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మన కొర్రమట్ట లెక్కనేనారా ఇది" అన్నారు. మా ఊరి చెరువులో కొర్రమట్ట పిల్లలు ఎర్రగా గుంపుగా పైకి తేలినప్పుడు వాటి కింద తల్లీ తండ్రీ ఉంటాయని అందరికీ తెలుసు, అక్కడ గాలం వేస్తే తప్పకుండా పడుతుందనీ తెలుసు. అయినా తాత వేయనిచ్చేవాడు కాదట. అంటే ఇది మనం అమెరికా వచ్చి కొత్తగా నేర్చుకోవాల్సిన విషయమేం కాదు.

ఇక బాస్ సంగతి, అంటే చిన్న చేపల్ని తిని బతికే పెద్ద చేప. లార్జ్‌మౌత్ బాస్‌కి టెక్సాస్‌లో సాధారణంగా 14 అంగుళాలు ఉంటేనే ఉంచుకోవాలి, రోజుకు అయిదు. దీనికీ గూడు కాసేది తండ్రే, ఇక్కడ అది ఎక్కువగా మార్చి, ఏప్రిల్‌లలో. పైగా చిన్న బ్లూగిల్స్‌ని తిని వాటి సంఖ్య అదుపులో పెట్టేది కూడా బాసే, కాబట్టి బాస్‌ని ఊడ్చేసిన చెరువులో బ్లూగిల్స్ కిక్కిరిసి ఒక్కటీ ఎదగదు. పెద్దవాటిని వదిలితే ఏమవుతుందో చూడాలంటే డాలస్‌కి తూర్పున ఉన్న లేక్ ఫోర్క్‌కి వెళ్లండి. అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ని వెంటనే వదిలేయాలి, 24 దాటినవి రోజుకు ఒక్కటే. 18.18 పౌండ్ల రాష్ట్ర రికార్డు బాస్ 1992 జనవరిలో దొరికింది ఆ లేక్‌లోనే. మన ఇళ్ల దగ్గర ఉన్నది చిన్న పార్కు చెరువే కావచ్చు, అయినా పెద్ద చేపను కాపాడుకుంటే చెరువు బాగుపడుతుందన్నది దానికీ వర్తిస్తుంది.

చేప తినొద్దని నేను అనడం లేదు. బ్లూగిల్, రెడియర్, క్రాపీ లాంటివి పెనంలో పట్టే సైజులో ఉంటాయనే వీటిని పాన్‌ఫిష్ అంటారు, తినడానికి ఇంత బాగుండే చేపలు కొనుక్కోవాలన్నా దొరకవు. అయిదారు అంగుళాల బ్లూగిల్స్‌ని పొలుసు తీసి, తల కొట్టేసి, చింతపండు, మెంతులు, రెండు పచ్చి మామిడి ముక్కలు వేసి పులుసు పెట్టి మర్నాడు తినండి, చిన్న చేపల రుచి పెద్ద వాటికి రాదని మన ఇళ్లలో ఎందుకంటారో తెలుస్తుంది. చలికాలంలో పార్కు చెరువుల్లో వదిలే ట్రౌట్‌ని నిబంధన మేరకు నిశ్చింతగా తెచ్చుకోండి, అవి ఇక్కడి ఎండాకాలాన్ని ఎలాగూ తట్టుకోలేవు, జనం పట్టుకోవడానికే వదులుతారు. నేను అడిగేది ఒక్కటే: గూటి మీద ఉన్నదాన్ని, ఎనిమిది అంగుళాలు దాటిన బ్లూగిల్‌ని వదిలేయండి. వదిలేటప్పుడు చేతులు తడి చేసుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర పోయి చేప జబ్బు పడుతుంది. బ్లూగిల్ నోరు చిన్నది కాబట్టి కొక్కెం కూడా చిన్నది వాడండి, దాని మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తే పిల్లలు కూడా సులువుగా ఊడదీయగలరు.

ఇంకో మాట, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల గురించి. ఆరు నెలలు ఇంట్లో టీవీ ముందు కూర్చోబెడతాం. చెరువు పక్కన పుట్టి పెరిగిన మనిషికి అది శిక్షే. 17 ఏళ్లు నిండినవాళ్లకు ఫిషింగ్ లైసెన్స్ కావాలి, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకూ కావాలి, కానీ స్టేట్ పార్కు లోపల ఒడ్డు మీద నుంచో పియర్ (నీళ్లలోకి కట్టిన వంతెన లాంటి తిన్నె) మీద నుంచో పడితే లైసెన్స్ అక్కర్లేదు, పార్కు ప్రవేశ రుసుము కడితే చాలు. లేక్ రే రాబర్ట్స్ మీద ఐల్ డు బోయ్, జో పూల్ లేక్ మీద సెడార్ హిల్, రెండూ మనకు దగ్గరే. చాలా స్టేట్ పార్కుల్లో గాలాలు ఉచితంగా అరువిస్తారు కూడా.

మన తెలుగు సంఘం క్రికెట్ టోర్నమెంట్ పెడుతుంది, కార్తీకంలో వనభోజనాలు పెడుతుంది, అదీ లేక్ ఒడ్డునే. అందరం నీళ్లకు వీపు పెట్టి పులిహోర తిని వచ్చేస్తాం. జూన్ మొదటి శనివారం టెక్సాస్‌లో ఉచిత ఫిషింగ్ డే, ఆ రోజు ఎక్కడైనా ఎవరికీ లైసెన్స్ అక్కర్లేదు. మృగశిర కార్తె కూడా ఆ దగ్గర్లోనే, జూన్ 7నో 8నో వస్తుంది, ఆ రోజు చేప తినాలనే పట్టింపు మనలో చాలా ఇళ్లలో ఉంది. ఈ రెండూ కలిపి ఒక కార్యక్రమం పెడదామని కమిటీని అడుగుతున్నాను. పిల్లలకు ముందు గూళ్లు చూపిద్దాం, తర్వాత గాలం ఇద్దాం. ఉదయం ఏడులోపు చేరితే ఎండ పెరిగేసరికి అయిపోతుంది. నా దగ్గర ఆరు గాలాలున్నాయి, వానపాములు నేనే తెస్తాను, పులుసుకు మట్టి కుండ ఉన్నవాళ్లు ముందే చెప్పండి.