మీటరు పొడుగు పంప్‌హౌస్

మా కన్సల్టెన్సీ ఆఫీసులో ఆటోక్యాడ్‌లో డ్రాయింగులు గీసే కుర్రవాడు గీతల మనిషి, వర్డ్‌లో నివేదికలు కూర్చే నేను మాటల మనిషిని. ఒకరి పొలం గట్టు మరొకరం ఎన్నడూ దాటలేదు. ఒక పల్లె మంచినీటి పథకం నివేదికను తెల్లవారితే ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారి ముందు పెట్టవలసిన రాత్రి అతను జ్వరంతో ఇంటికి వెళ్లిపోవడంతో, పంప్‌హౌస్ డ్రాయింగును వర్డ్‌లోకి ఎక్కించే భారం నా నెత్తిన పడింది. కంట్రోల్ సి, కంట్రోల్ వి అనే రెండు మంత్రాలతోనే ఉద్యోగం నెట్టుకొస్తున్నవాణ్ణి గనుక నేను జంకలేదు.

అతికించగానే, ఓరవాకిలి సందులోంచి పెళ్లికూతుర్ని చూసినట్టు, డ్రాయింగులో ఒక సన్నని అంచు మాత్రమే కనిపించింది. నివేదిక అంతా ఒద్దికగా ఉండాలని వరుసల ఎడాన్ని 'ఎగ్జాక్ట్‌లీ' 18 పాయింట్లకు బిగించినవాణ్ణి నేనే. వర్డ్ ఆ ఆజ్ఞను తలదాల్చి, బొమ్మను కూడా ఒక వరుసగానే లెక్కగట్టి, అంతమేరకే చూపింది. ఈ సంగతి తెలియడానికి గంట పట్టింది.

ఎడం సడలించాక డ్రాయింగు మొత్తం బయటపడింది గాని, అమావాస్య ఆకాశంలా నల్లగా ఉంది. ఫోన్ చేస్తే కుర్రవాడు మూలుగుతూనే, "ఆటోక్యాడ్‌లో బ్యాక్‌గ్రౌండ్ తెలుపు చేసి మళ్లీ కాపీ చెయ్యండి సార్" అన్నాడు. చేశాను. తెల్లని నేపథ్యం మీద తెల్ల గీతలు వాటంతటవే నల్లబడ్డాయి. ఆటోక్యాడ్‌లో రంగులకు నంబర్లుంటాయి; తెలుపైన 7వ నంబరుకు ఆ లోకజ్ఞానం ఉంది. 2వ నంబరైన పసుపుకు అది లేదని, మోటార్లన్నీ ఆ రంగులోనే గీసి ఉన్నాయని, రాత్రి ఒంటిగంటకు నా కళ్లకు తోచలేదు.

ఉదయం ఈఈ గారు నివేదికలో ఒక్క మాటైనా చదవకుండా నేరుగా డ్రాయింగు పేజీ తెరిచి, జేబులోంచి స్కేలు తీశారు. ఆ డ్రాయింగు 841 మిల్లీమీటర్ల వెడల్పున్న ఏ1 షీటుకు గీసినది. నేను దాన్ని ఏ4 కాగితం మీద, మార్జిన్లు పోగా మిగిలిన 159 మిల్లీమీటర్లలో ఇరికించాను. గీతలన్నీ బుద్ధిగా కుదించుకున్నాయి గాని, మూలనున్న 'స్కేలు 1:100' అన్న అక్షరాలు మాత్రం, చిక్కి సగమైనా డాబు తగ్గని పాత జమీందారులా, అదే మాట మీద నిలబడ్డాయి. కొలతల అంకెలు చూసుకుందామంటే, 2.5 మిల్లీమీటర్ల అంకెలు అరమిల్లీమీటరుకు దిగి ఆవగింజ కన్నా చిన్నవయ్యాయి. ఆ స్కేలు ప్రకారం కాగితం మీద ఒక మిల్లీమీటరంటే నేల మీద వంద మిల్లీమీటర్లు; 60 మిల్లీమీటర్లు రావలసిన గోడ 11 దగ్గరే ఆగింది.

"పంప్‌హౌస్ పొడుగు 1.1 మీటరా? కోళ్లగూడు కడుతున్నామా?" అన్నారాయన.

"ఆరు మీటర్లేనండి, వర్డ్‌లో కొంచెం చిక్కింది" అన్నాను.

ఆయన కళ్లజోడు సవరించుకుని కాగితాన్ని కిటికీ వెలుగుకేసి పట్టుకున్నారు.

"ఇందులో మోటార్లేవయ్యా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోగా ఆయనే, "సరేలే, పెట్టడానికి చోటెక్కడుంది?" అన్నారు.