గిగాహెర్ట్జ్‌లు తర్వాత, ముందు డౌన్‌లోడ్ పేజీ చూడండి

ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టులకి ఏ చిన్న కంప్యూటర్ బోర్డు కొనాలని అడిగితే చాలు, అందరూ గిగాహెర్ట్జ్‌లు, ర్యామ్ లెక్కలు అప్పజెప్పేస్తారు. ఇంతకీ దాంతో ఏం చేస్తావని అడిగే నాథుడే ఉండడు.

మొక్కలకు నీళ్లు పెట్టే పంపు ఆన్ చేయడానికి నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్, దాని మీద లినక్స్ ఎందుకండీ? లినక్స్ అక్కర్లేని చిన్న బోర్డు ఈఎస్‌పీ32 చాలు. వైఫై అందులోనే ఉంది. డీప్ స్లీప్‌లో, అంటే పని లేక నిద్రపోయేటప్పుడు, చిప్ తాగేది మైక్రోయాంపుల్లోనే (డెవ్ బోర్డు మీది పవర్ ఎల్‌ఈడీ, యూఎస్‌బీ చిప్ తాగేది వేరే లెక్క). లినక్స్ బోర్డు రాస్ప్‌బెర్రీ పై అయితే కరెంటు పోయిన ప్రతిసారీ సిస్టం ఉండే ఎస్‌డీ కార్డు ఏమైందోనని బెంగ. పైగా మట్టి తడి సెన్సర్ ఇచ్చేది అనలాగ్ సిగ్నల్, రాస్ప్‌బెర్రీ పైలో దాన్ని అంకెలుగా మార్చి చదివే ఏడీసీయే లేదు! ఎంసీపీ3008 లాంటి చిప్ విడిగా తగిలించుకోవాలి. 2 కేబీ ర్యామ్‌తో నడిచే ఆర్డునో ఊనోకి ఆరు అనలాగ్ పిన్నులున్నాయి మరి.

కెమెరా, స్క్రీన్, డేటాబేస్ కావాలా? అప్పుడు లినక్స్ బోర్డే. అసలు తిరకాసు అక్కడే. రాస్ప్‌బెర్రీ పైకి పోటీ అంటూ వచ్చే బోర్డుల్లో చాలావాటికి హార్డ్‌వేర్ నిజంగానే బాగుంటుంది. కానీ చిప్ కంపెనీ ఇచ్చిన పాత కెర్నల్‌కే (లినక్స్ గుండెకాయకే) అతుకులేసి ఒక ఇమేజ్ (కార్డులోకి ఎక్కించే సిస్టం ఫైల్) వదులుతారు, కొత్త మోడల్ రాగానే పాతదాన్ని గాలికొదిలేస్తారు. కొన్నిటిని ఇలాంటి బోర్డులకి లినక్స్ తయారుచేసే ఆర్మ్‌బియన్ ప్రాజెక్టు ఆదుకుంటుంది, అన్నిటినీ కాదు. అందుకే నేను స్పెక్ షీట్ కంటే ముందు డౌన్‌లోడ్ పేజీలో చివరి ఇమేజ్ తేదీ, కెర్నల్ వెర్షన్ చూస్తాను. రెండేళ్ల నాటి ఇమేజే ఆఖరిదైతే ఆ బోర్డుకో దండం.

రాస్ప్‌బెర్రీ పై కూడా తక్కువ తిప్పలు పెట్టదు. 2023లో వచ్చిన పై 5లో సెన్సర్లు తగిలించే జీపీఐఓ పిన్నులు ఆర్‌పీ1 అనే వేరే చిప్‌కి మారాయి. దాంతో ఏళ్లుగా ఆ పిన్నుల కోసం అందరూ వాడిన ఆర్‌పీఐ.జీపీఐఓ లైబ్రరీ దాని మీద పనిచేయడం మానేసింది. అయితే వాడేవాళ్లు అంతమంది ఉన్నారు కాబట్టి ఎల్‌జీపీఐఓ అనే మరో లైబ్రరీతో మార్గం త్వరగానే దొరికింది. ఊరూ పేరూ లేని బోర్డుకి అదే జరిగితే అడిగే దిక్కుండదు.

ఏ బోర్డైనా పిన్నుల వోల్టేజీ చూసుకోండి. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ ఎకో పిన్ 5 వోల్టులు వదులుతుంది, రాస్ప్‌బెర్రీ పై తట్టుకునేది 3.3 మాత్రమే. ఎకోకీ రాస్ప్‌బెర్రీ పై పిన్నుకీ మధ్య 1 కిలోఓమ్, పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య 2 కిలోఓమ్ రెసిస్టర్లు పెడితే సరిపోతుంది.

నన్నడిగితే కొత్తవాళ్లకి ఈఎస్‌పీ32. లినక్స్ తప్పదంటే రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ. ర్యామ్ 512 ఎంబీయే, దాంట్లో బ్రౌజర్ తెరిచి నత్తలా ఉందని మాత్రం తిట్టుకోకండి.