ఫోన్ తీసేలోపు రెండో దెబ్బ పడింది

నెల్లూరులో మేముండే అపార్ట్‌మెంట్‌లో పోయిన వేసవిలో జరిగిన సంగతి ఇది. ఎదురు బ్లాకులో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, రెండేళ్ల పిల్లాణ్ణి చూసుకోడానికి ఒకామెను పెట్టుకున్నారు. మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తీద్దామని బాల్కనీలోకి వెళ్తే, ఆమె పిల్లాడి ముక్కు మూసి అన్నం ముద్ద నోట్లో కుక్కుతోంది, వాడు ఉమ్మేస్తే చెంప మీద కొట్టింది. నేను చేసిన మొదటి పని ఫోన్ తీయడం. కేక వేసి ఉంటే రెండో దెబ్బ పడేది కాదు.

అందుకే చెబుతున్నా, ముందు ఎవరో చూస్తున్నారని ఆ మనిషికి తెలియాలి. పిలవండి, తలుపు కొట్టండి, కాస్త పంచదార కావాలని అడిగినా సరే. తిట్టొద్దు, మనం వెనక్కి తిరగ్గానే ఆ కోపమంతా పిల్లాడి మీదకే పోతుంది.

వీడియో వాట్సాప్ గ్రూపులో పెట్టమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. వేధింపులకు గురైన పిల్లల్ని గుర్తుపట్టేలా ఫొటో, పేరు బయటపెట్టడం 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం నేరం, 6 నెలల జైలు దాకా పడొచ్చు. తల్లిదండ్రులకో పోలీసులకో చూపించండి, అంతే.

ఇక తల్లిదండ్రులకు చెప్పడం. పక్కింటి పెద్దావిడ "గమ్మునుండమ్మా, రేపు ఆమె మానేస్తే మనల్నే అంటారు" అంది. నిజమే, ఆ భయం నాకూ ఉంది. "మీ పనిమనిషి మంచిది కాదు" అంటే గొడవే, కాబట్టి ఏ రోజు, ఎన్ని గంటలకు, కళ్లతో ఏం చూశామో అంతవరకే చెప్పాలి. పిల్లాణ్ణి మాత్రం గుచ్చిగుచ్చి అడక్కూడదు, పదిసార్లు అడిగితే పసివాళ్లు మనకు కావాల్సిందే చెబుతారు.

కొట్టేది అయినవాళ్లే అయితే ఎవరికి చెప్పాలి? కనిగిరి, పొదిలి వైపు పిల్లల్ని అవ్వ దగ్గరో పిన్ని దగ్గరో వదిలి హైదరాబాద్, బెంగళూరు పనులకు పోయే కుటుంబాలు బోలెడు. అక్కడ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయడమే దారి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, మీ పేరు బయటపెట్టొద్దని అడగొచ్చు. ఫోన్ చేస్తే కేసు పెట్టినట్టేనని చాలామంది టెన్షన్ పడతారు. కానీ ముందు జరిగేది విచారణ, తర్వాత అవసరమైతే జిల్లాలో ఉండే బాలల సంక్షేమ కమిటీ పిల్లవాడు ఎక్కడ ఉండాలో తేలుస్తుంది. ప్రాణం మీదికొచ్చేలా ఉంటే మాత్రం అత్యవసర నంబరు 112. లైంగిక వేధింపు అని అనుమానం వస్తే ఇక ఆలోచించడానికేం లేదు, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడమే నేరం.

పిల్లల బాధ్యత తీసుకున్నవాళ్లు హింసిస్తే బాలల న్యాయ చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, పిల్లల్ని చూసుకునే సంస్థల్లో పనిచేసేవాళ్లయితే అయిదేళ్ల దాకా. పిల్లాణ్ణి చూసుకోడానికని జీతమిచ్చి, ఇంటి పనంతా కూడా చేయించుకుని, పది గంటలు ఆమెను ఒక్కదాన్నే వదిలేసిన వాళ్ల తప్పూ ఉందనుకోండి, అయినా చెంప దెబ్బకు అది జవాబు కాదు.

ఆ సాయంత్రం నేను చెబితే ఆ తల్లి నమ్మలేదు, "మా అత్తగారు కుదిర్చిన మనిషండీ" అని తలుపేసుకుంది. రెండు రోజుల తర్వాత తనే వచ్చింది, ఆమెను మాన్పించామని చెప్పి కాసేపు ఊరుకుని, "ఇంతకుముందు కూడా వాడి ఏడుపు మీకు వినపడేదా?" అని అడిగింది.

రెండు వారాలుగా వినపడుతూనే ఉంది.