శనికి 274 చందమామలైతే ఏంటి?

‘సౌర కుటుంబంలో ఎక్కువ ఉపగ్రహాలున్న గ్రహం ఏది?’ పోటీ పరీక్షలు రాసేవాళ్లకు తలనొప్పి తెచ్చే బిట్టు ఇది. 2023 ఫిబ్రవరిలో 92 చందమామలతో గురుడు శనిని దాటేశాడు. మే నెలకల్లా శని 146తో మళ్లీ ముందుకొచ్చాడు. 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్తవి చేరి శని లెక్క 274 అయింది.

చేరినవన్నీ కొద్ది కిలోమీటర్ల సైజు రాళ్లు. ఎప్పుడో శనికి చిక్కిన పెద్ద శకలాలు గుద్దుకుని ముక్కలైతే ఇవి మిగిలాయని అంచనా. కనీసం ఇంత సైజుంటేనే ఉపగ్రహం అనాలన్న రూలు అంతర్జాతీయ ఖగోళ సంఘం దగ్గర లేదు. 2006లో గ్రహానికి నిర్వచనం రాసి ప్లూటోను బయటికి పంపింది కూడా ఈ సంఘమే మరి! టెలిస్కోపులు మెరుగయ్యేకొద్దీ ఈ అంకె మారుతూనే ఉంటుంది. దాన్ని బట్టీ పట్టించడం కన్నా గురుడి చందమామ అయో సంగతి చెప్పడం మేలు.

అయో నాలుగు చుట్లు తిరిగేసరికి గురుడి మరో రెండు చందమామల్లో యూరోపా రెండు, గానిమీడ్ ఒకటి తిరుగుతాయి. లెక్క తప్పకుండా ఆ రెండూ గుంజుతుండటంతో అయో కక్ష్య పూర్తి గుండ్రంగా మారలేదు. గురుడికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వెళ్తూ పిండిన ముద్దలా నలిగి లోపల వేడెక్కుతుంది. ఈ వేడికి అయో లోపల కరిగి ఉండాలని ముగ్గురు శాస్త్రవేత్తలు 1979 మార్చిలో ప్రచురించారు. కొద్దిరోజులకే నాసా నౌక వాయేజర్-1 తీసిన ఫొటోల్లో అగ్నిపర్వతాలు కనిపించాయి. సూర్యుడికి తగినంత దగ్గరుంటేనే నీరు ద్రవంగా ఉంటుందన్న మన పాత నమ్మకాన్ని సడలించింది ఈ వేడే. యూరోపా మంచు కింద సముద్రం గడ్డకట్టకుండా ఉందంటే కారణం ఇదే. భూమి సముద్రాలన్నిటికన్నా అక్కడ నీరు ఎక్కువని లెక్క.

శని చుట్టూ తిరిగే ఎన్సెలడస్ ఇంకా విచిత్రం. అడ్డకొలత 500 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి విశాఖకు విమానం ఎగిరేంత దూరం. దాని దక్షిణ ధ్రువం నుంచి నీటి ఆవిరి, మంచు రేణువులు చిమ్మడాన్ని 2005లో శని చుట్టూ తిరుగుతున్న కాసినీ నౌక గుర్తించింది. తర్వాత ఆ జల్లులోంచే దూసుకెళ్లి ఉప్పు, సేంద్రియ పదార్థాలు, హైడ్రోజన్ పసిగట్టింది. జీవానికి తప్పనిసరైన ఫాస్ఫరస్ జాడను కాసినీ డేటాలో 2023లో కనిపెట్టారు.

2024 అక్టోబరులో బయల్దేరిన నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030లో గురుడిని చేరాలి. ఐరోపా నౌక జ్యూస్ 2031లో చేరుతుంది. మంచిదే. కానీ యూరోపా సముద్రం మీద కిలోమీటర్ల మందాన మంచు ఉంది. ఎన్సెలడస్ అయితే తన నీటిని తానే బయటికి చిమ్ముతోంది, తవ్వే పని లేదు. అయినా దానికోసమే ఇంతవరకు ఒక్క నౌకనూ పంపలేదు. కాసినీ 2017లోనే ముగిసింది. ఐరోపా అంతరిక్ష సంస్థ ఆలోచనలో ఉన్న ప్రయోగం 2040లలో గానీ జరగదు. ఇంత ఆలస్యం డబ్బు, దూరం వల్ల మాత్రమే అంటే నేను నమ్మను.