చింపిన కాగితం, చిక్కిన హక్కు

విడిపోయినప్పుడు రాసుకున్న ఒప్పందం, ఆలుమగలు మళ్లీ కలిసి కాపురం చేసి కొన్నాళ్లకు మళ్లీ వేరుపడితే చెల్లుతుందా అన్న ప్రశ్నకు గోదావరి డెల్టా పల్లెల్లో నేటికీ పెద్దమనుషుల మాటే జవాబు. ఆ జవాబు ఆడపిల్లకు అన్యాయం చేస్తోందన్నది మా అభిప్రాయం.

కోనసీమలోనైనా, భీమవరం చుట్టుపక్కలైనా గొడవను పెద్దల్లో పెడతారు. నెలకింత మనోవర్తి, పెళ్లినాటి బంగారం వాపసు, పిల్లల పేర ఇన్ని సెంట్ల కొబ్బరితోట అని స్టాంపు కాగితం మీద రాయించి సాక్షి సంతకాలు చేయిస్తారు. దానితో విడాకులు రావు, అది వేరే సంగతి. ఏడాది తిరక్కుండా పిల్లల మొహం చూసి ఇద్దరూ ఒక్కటైతే సంతోషించవలసిందే. కానీ ఆ రోజు అరుగు మీద అందరి ఎదుటా పెద్దాయన ఆమె చేతిలోని కాగితం తీసుకుని నిలువునా చింపి, 'ఇంక పాత మాటలు తవ్వకమ్మా' అంటారు. పుట్టింటి బీరువాలో భద్రంగా ఉన్న గొలుసు అత్తింటికి, అక్కడి నుంచి చేపల చెరువు పెట్టుబడి కోసం తాకట్టుకు చేరుతుంది.

రెండోసారి గొడవ ముదిరి ఆమె కోర్టుకెక్కితే, భర్త దాచుకున్న నకలు బయటికి వస్తుంది. అందులో 'పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్నాము' అన్న వాక్యం ఉంటుంది. అలా విడిగా ఉంటున్న భార్యకు మనోవర్తి రాదని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లో ఉన్నట్లే, 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్‌లోనూ ఉంది. ఆమె అడిగితే చెల్లని కాగితం ఆయనకు మాత్రం కవచం కావడాన్ని మేం ఒప్పుకోలేం. తిరిగి కాపురం మొదలైన నాడే ఆ అంగీకారం ముగిసింది. తర్వాతి ఎడబాటుకు కారణం ఏమిటో కొత్తగా విచారించాలి.

నెలవారీ మనోవర్తి ఆగడం సబబే. ఒకే పొయ్యి మీద వండుకు తినేవారి మధ్య ఆ లెక్క పొసగదు. ఇచ్చేసిన ఆస్తి సంగతి అలాంటిది కాదు. మనోవర్తికి బదులుగా స్త్రీ పొందిన ఆస్తిని కూడా ఆమె సొంత ఆస్తిగానే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ లెక్కిస్తోంది. అయితే రిజిస్టరు కాని కాగితంతో సెంటు తోట కూడా చేతులు మారదు.

కనుక కలిస్తే ఏది ఆగుతుందో, ఏది నిలుస్తుందో ఒప్పందంలోనే రాయించాలి. భూమిని వెంటనే రిజిస్ట్రారు ఆఫీసులో రాయించాలి. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి 1987 నాటి చట్టం ప్రకారం సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు న్యాయ సహాయం ఉచితం. ఈ సంగతి పెద్దలే చెప్పి ఆమెను అక్కడికి పంపాలి. కాపురం కలిపేనాడు కాగితం చింపడం మాని, ఏ తేదీన కలిశారో, గొలుసు ఎవరి దగ్గరుందో దాని వెనకే రాసి, ఇద్దరి చేతా సంతకం పెట్టించి, ఒక ప్రతిని అమ్మాయి చేతికివ్వాలి.